మమ అన్న మహారాజు

పూర్వం, కృతయుగపు సుగంధం ఇంకా మనుషుల మాటల్లోంచి పూర్తిగా తొలగిపోని రోజుల్లో, మహేంద్రగిరికి దక్షిణంగా వంశధారా నదీతీరాన మణిస్తంభపురమనే మహానగరాన్ని రాజధానిగా చేసుకొని, శత్రువులకు సింహస్వప్నమై, ఆశ్రితులకు కల్పవృక్షమై, కళింగభూమిని ధర్మం తప్పకుండా పాలిస్తూ రుచికేతుడనే మహారాజు ఉండేవాడు. ఆయన పరాక్రమాన్ని వర్ణించడానికి వందిమాగధులకు నోళ్లు చాలవు గాని, నాకు మాత్రం ఆయనలో అన్నిటికంటె నచ్చేది ఒక చిన్న అలవాటు. కంటబడిన ప్రతిదాన్నీ "ఎందుకు?" అని అడిగేవాడు. నెమలి అంత అందంగా ఉండి అలా ఎందుకు అరుస్తుంది, తామరాకు మీద నిలవని నీరు చేమాకు మీద కూడా ఎందుకు నిలవదు అంటూ పట్టాభిషేక సమయంలోనే రాజపురోహితుణ్ణి అడిగి, ఆ మహానుభావుడు చదువుతున్న మంత్రం మధ్యలో మరిచిపోయేలా చేసిన ఘనుడు.

సమస్త లోకాన్నీ ప్రశ్నించే ఆ రాజు ఒక్క విషయంలో మాత్రం నోరు విప్పేవాడు కాదు. అది దానం. పర్వదినం రాగానే వేదవేదాంగ పారంగతుడైన పురోహితుడు వేదగర్భుడు దానద్రవ్యాలను సిద్ధం చేయించి, దేశకాలాలు, గోత్రనామాలు, రాబోయే ఫలాలు అన్నీ తానే గడగడ చదివేసి, చివర "మమ అనండి మహారాజా" అనేవాడు. మహారాజు "మమ" అనేవాడు. తరువాత దోసిట్లో నీళ్లు పోస్తే "న మమ" అని వాటిని ప్రతిగ్రహీత చేతిలోకి ధారపోసేవాడు. ఆ ధార చేయి విడిచి పడితేనే దానం దానమవుతుంది. నాది అన్న మాటతో మొదలుపెట్టి నాది కాదు అన్న మాటతో ముగించే ఆ తంతులో ఎవరు వచ్చి ఏమి పట్టుకుపోయారో రాజుకు ఎన్నడూ తెలియదు. అంతసేపూ ఆయన చూపు మండపం చూరులో గూడు కట్టుకుంటున్న పిచ్చుక మీద ఉండేది.

ఒక ఆషాఢ పూర్ణిమ నాడు భూరిదానం జరుగుతున్నది. వేదగర్భుడు యథావిధిగా చదివాడు, రాజు యథావిధిగా "మమ" అన్నాడు. దోసిట్లో నీళ్లు పోశారు. "న మమ" అంటూ రాజు చేయి వంచాడు. నీరు పడలేదు. ఇంకా వంచాడు, పడలేదు. చేతిని పూర్తిగా బోర్లించాడు. ఆ నీరంతా ఉసిరికాయంత బొట్టుగా దగ్గరపడి కుడి అరచేతికి అతుక్కుని, మంచుగడ్డలా గట్టిపడకుండా, మామూలు నీరులాగే తళతళ మెరుస్తూ నిలిచింది. విదిలిస్తే రాలలేదు, పట్టువస్త్రంతో తుడిస్తే వస్త్రం తడవలేదు. పుచ్చుకోవడానికి చేయి చాచిన ముసలి బ్రాహ్మణుడు ఆ చేయి వెనక్కి తీసుకోవాలో అలాగే ఉంచాలో తెలియక బిక్కమొహం వేశాడు.

చేతితోనే ఆగి ఉంటే అది రాజుగారి గొడవగా మిగిలిపోయేది. ఆ క్షణానే తూర్పు సముద్రం మీద నుంచి తరలివచ్చిన నల్లని మేఘాలు నగరం మీదా పొలాల మీదా ఆవరించి, ఏనుగుల మందలా నిలబడి, ఒక్క చినుకైనా రాల్చకుండా ఉండిపోయాయి. నీళ్లున్నాయి, పైన కనబడుతూనే ఉన్నాయి, కిందికి దిగవు. ఆకుమళ్లలో వరినారు పసుపెక్కసాగింది. రైతులు ఆకాశం వైపు చూసి, తరువాత కోట వైపు చూడడం మొదలుపెట్టారు.

ఇక రాజద్వారం దగ్గర జనం కిటకిటలాడిపోయారు. రాజుగారి చేతినుంచి నీరు పడాలంటే అసలైన దానం జరగాలని, ఆ అసలైన దానం తమదేనని ఎవరికి వారే వాదన. అన్నసత్రం అధికారి బొజ్జ నిమురుకుంటూ ముందుకొచ్చి, "మహాప్రభూ, ప్రాణం అన్నంలో ఉంది. తక్కినవన్నీ తిన్న తరువాత మాట" అన్నాడు. గోశాల పెద్ద ఆయన్ని పక్కకు తోసి, "ఆ అన్నంలో నెయ్యి ఎక్కడినుంచి వస్తున్నదో అడగండి ప్రభూ" అన్నాడు. పాఠశాల ఆచార్యుడు కళ్లు మూసుకుని, విద్య లేనివాడికి నెయ్యి వేసినా ఒకటే వేయకపోయినా ఒకటే అని శ్లోకం కట్టి వినిపించాడు. వైద్యశాల భిషగ్వరుడు మాత్రం, "మీరంతా రేపు జ్వరంతో నా దగ్గరికే కదా వచ్చేది" అని ఊరుకున్నాడు. ఒక్కరి మాటలోనూ అబద్ధం లేదు. అదే రాజుకు వచ్చిన చిక్కు. అందరికీ వరుసగా దానం చేయబోయాడు. ఒక్కరి చేతిలోనూ నీరు పడలేదు.

రుచికేతుడికి భయం కలిగిన మాట నిజమే గాని, దానికంటె ముందు ఒక వింత కుతూహలం కలిగింది. ఎండలో చేయి పెట్టి చూశాడు, నీడలో పెట్టి చూశాడు. ఈ నీరు దేనికోసం ఆగింది? ఆ ప్రశ్న ఆయన్ను నిలవనివ్వలేదు. రథమైనా ఎక్కకుండా కాలినడకన, మహేంద్రగిరి పాదంలో ఆశ్రమం కట్టుకుని తపస్సు చేసుకుంటున్న బ్రహ్మవాదిని, వాక్సిద్ధి పొందిన తపస్విని పింగళవేణి వద్దకు వెళ్లి సాష్టాంగపడ్డాడు.

ఆ తల్లి ఆయన అరచేతిని తన చేతిలోకి తీసుకుని, బొట్టును అటూ ఇటూ తిప్పి చూసి, పకపక నవ్వింది.

"రాజా, పాశహస్తుడూ సత్యసాక్షీ అయిన వరుణదేవుడు నీ మాట పట్టుకున్నాడు. దానవేళ పురోహితుడు ఎన్నో మాటలు చదువుతాడు. నీవు పలికేవి ఎన్ని?"

"మమ అంటాను తల్లీ. తరువాత న మమ అంటాను."

"మమ అంటే?"

"నాది అని."

"ఏది నీది?"

రాజు తడుముకున్నాడు. "ఇచ్చే బంగారం."

"బంగారం నీవు పుట్టకముందూ ఉంది, నీ తరువాతా ఉంటుంది. అది భాండాగారంలో ఉన్నంతసేపు ప్రజలది. అన్నసత్రాన్నీ వైద్యశాలనూ దానితో నడిపించడం రాజధర్మం, దానికి నీ దోసిలి అక్కరలేదు, మంత్రి ముద్ర చాలు. దోసిలి పట్టి ఇచ్చేది వేరు. అక్కడ మమ అన్నది సొమ్మును గురించి కాదు నాయనా, ఎదుటివాడి కష్టాన్ని గురించి. ఈ కష్టం నాది అని ముందు అనుకున్నవాడికే, ఇక ఈ సొమ్ము నాది కాదు అనే అధికారం వస్తుంది. నీవు ఇన్నాళ్లూ మొదటి మాటను వేదగర్భుడి నోటితో పలికావు."

"అయితే ఏ కష్టం నాది? దయచేసి సెలవియ్యండి."

"నీకు ఆకలి వేస్తున్నదో లేదో నన్ను చెప్పమంటావా? వెళ్లి చూసుకో" అని ఆమె కళ్లు మూసుకుంది.

రాజు వెళ్లాడు. సామాన్య వస్త్రాలు కట్టుకుని, అంగరక్షకులను మాన్పించి, చాచిన అరచేతిని ముందు పెట్టుకుని రాజ్యమంతా తిరిగాడు. ఆ బొట్టే తనకు దారి చూపుతుందని, సరియైన చోటికి రాగానే కదులుతుందని ఆయన ఆలోచన. అన్నసత్రంలో వంటశాల వాకిట నిలబడి చేయి చూసుకున్నాడు, కదలలేదు. గోశాలలో చూసుకున్నాడు, కదలలేదు. పాఠశాలలో పిల్లలు వల్లెవేస్తుంటే చేయి చూసుకున్నాడు. వైద్యశాలలో రోగి మూలుగుతుంటే చేయి చూసుకున్నాడు. దారిన పోయేవాళ్లు, ఈయనకు చేతి రేఖలు తప్ప వేరే లోకం లేనట్టుందే అని నవ్వుకున్నారు. చివరికి విసిగి వేసారి, పింగళవేణి ఆశ్రమానికి తిరిగివచ్చి, "ఎక్కడా కదలలేదు తల్లీ. నాకు ఏ కష్టమూ తగినట్టు లేదు" అని నిట్టూర్చాడు.

"అన్నసత్రంలో ఈ పూట ఏం కూర?" అని అడిగింది ఆమె.

రాజు వెలవెలబోయాడు. చూడలేదు.

"గోశాలలో కుంటుతున్న ఆవు ఏ రంగుది?"

ఆవు కుంటుతున్నదన్న సంగతే తెలియదు.

"నెమలి ఎందుకలా అరుస్తుందని అడిగినవాడివి, చేమాకును గురించి అడిగినవాడివి, ఇంత తిరిగి ఒక్క ప్రశ్న అడగకుండా వచ్చావా? బ్రహ్మ నీకు ఇచ్చిన సొంత సొత్తు అదొక్కటే కదయ్యా! దాన్ని ఇంట్లో వదిలిపెట్టి చేయి పట్టుకుని తిరుగుతావా? మళ్లీ వెళ్లు. ఈసారి చేతిని మరిచిపో, నోరు వెంట తీసుకుపో. నీ ప్రశ్నలు ఎక్కడ ఆగవో అక్కడ కూర్చో."

ఆ మాట రాజుకు చురుక్కుమని తగిలింది. తగిలినా, అందులో ఏదో తీపి కూడా ఉంది. చిన్నప్పటినుంచి అందరూ విసుక్కున్న తన అలవాటును ఒకరు సొత్తు అన్నారు.

ఈసారి ఆయన అన్నసత్రంలో పంక్తిలో కూర్చుని తిన్నాడు, గుమ్మడికాయ పులుసులో బెల్లం ఎందుకు వేస్తారని వంటవాణ్ణి అడిగాడు, వాడు చెప్పిన సమాధానానికి సంతోషించి లేచాడు. అక్కడ ప్రశ్నలు తీరిపోయాయి. గోశాలలో కుంటి కపిలగోవును చూసి జాలిపడి, దాని గిట్ట సంగతి అడిగి తెలుసుకుని బయలుదేరాడు. అక్కడా తీరిపోయాయి. మంచి పనులే, మనసు నిండే పనులే, అయినా కాళ్లు వాటంతటవే ముందుకు సాగాయి. ఒకప్పుడైతే అది తన కఠినత్వమని బాధపడేవాడు. ఇప్పుడు అదీ ఒక వింతగా తోచింది.

అలా నది వెంట నడుస్తూ, వంశధారకు సాగరసంగమం అయ్యే తావుకు కొంత ఎగువన, పడవల రేవు పక్క తాటాకుల పాక ఒకటి చూశాడు. రాజద్వారానికి వచ్చిన అర్థులలో ఆ పాక తాలూకు మనిషి ఎవరూ లేరు. దాన్ని కూర్మయ్య అనే పడవవాడు నడుపుతున్నాడు. సంగమ స్నానాలకు దేశదేశాల నుంచి జనం విరగబడి వస్తారు గదా, ఆ తొక్కిసలాటలో తప్పిపోయినవాళ్లు, మతి తప్పి ఊరిపేరు మరిచిపోయిన ముసలివాళ్లు, మాట రాని వాళ్లు చివరికి రేవులో మిగిలిపోతారు. వాళ్లను కూర్మయ్య ఆ పాకలో పెట్టుకుంటాడు.

"వీళ్ల ఊళ్లు ఎలా కనుక్కుంటావయ్యా?" అని రాజు అడిగాడు.

"నానేటి కనుక్కుంటాను బాబూ! సాప పరుస్తాను, అంబలి పోస్తాను. ఎవులైనా ఎతుక్కుంటూ ఒస్తే సంతోసం. రాకపోతే ఇక్కడే ఉంటారు. ఈ ముసిలమ్మ వొచ్చి ఎన్నాళ్లైపోనాదో నాకే గేపకం లేదు. మీదే ఊరు అంటే మా ఊరే అంతాది."

ఆ ముసలమ్మ పాక గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు మసక. ఆమె ఎదుట రాజు చతికిలబడ్డాడు.

"అమ్మా, మీ ఊరేది?"

"మా ఊరే బాబూ."

"ఆ ఊళ్లో మీ ఇంటి వాకిలి ఎటువైపు?"

"గాలి తగిలీవైపు."

"గాలి ఎటునుంచి వస్తుంది?"

"ఉప్పునుంచి." అని, తానే నవ్వుకుని, "మాం ఉప్పు కొనీవోళ్లం కాదు" అంది.

రాజు వెన్ను నిలువైంది. ఉప్పు కొననివాళ్లంటే సముద్రపు ఒడ్డు వాళ్లు. "పొద్దున లేస్తే ఏం కనబడేది?" అని అడిగాడు. సూర్యుడు నీళ్లలోంచి లేచేవాడంది. "మరి సాయంకాలం? కొండల వెనక దిగేవాడా?" ముసలమ్మ ఆ ప్రశ్నకు విసుక్కుంది. "కొండలేటి? సూరీడు నీట్లో లేసి నీట్లోనే మునుగుతాడు. పొద్దున ఉప్పునీరు, మాపటికి తియ్యనీరు."

రెండు పక్కలా నీరు. ఒకటి ఉప్పన, ఒకటి తియ్యన. రుచికేతుడి కళ్ల ముందు తన రాజ్యపు ఆకారమంతా తిరిగింది. ఏ ఊళ్లో సూర్యుడు సముద్రంలో పుట్టి నదిలో అస్తమిస్తాడు? సముద్రాన్ని కలవడానికి మనసొప్పక వంశధార కొంతదూరం కడలి పక్కనే నడిచే చోట, రెంటికీ మధ్య సన్నగా సాగిన ఇసుకమేట ఉంది. దాని మీద మొగలిపొదలు. "అమ్మా, మీ పెరట్లో మొగలిపువ్వు వాసన వచ్చేదా?" అని అడిగేసరికి ఆ ముసలిది ఏమీ అనకుండా చీర కొంగు ముక్కుకు ఆన్చుకుని, ఎక్కడో పోయిన వాసనను పీల్చుతున్నట్టు పీల్చి, భోరుమని ఏడ్చింది. రాజుకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. యుద్ధాలు గెలిచినప్పుడు కలగని ఆనందం ఆయన గుండెలో పొంగింది.

ఆ పాకలో ఇంకెందరో ఉన్నారు. ఒక్కొక్కరిలో ఒక్కొక్క ఊరు దాగి ఉంది. ఎలా అడగాలి, ఏది ముందు అడగాలి, మాట రానివాడిని ఏ సైగతో అడగాలి అని ఆయన తలలో ప్రశ్న మీద ప్రశ్న పుట్టుకొస్తూనే ఉంది. అరచేయి సంగతి ఆయనకు గుర్తే లేదు.

కూర్మయ్య పడవ సిద్ధం చేశాడు. కళింగాధీశుడు స్వయంగా తెడ్డు పట్టాడు, సరిగ్గా వేయడం రాక పడవను గిరగిరా తిప్పించి కూర్మయ్య చేత చీవాట్లు తిన్నాడు. పైన మేఘాలు ఇంకా అలాగే బిగదీసుకుని ఉన్నాయి. మొగలిదిబ్బ అనే ఆ ఊరు చేరేసరికి ఇసుకమీద గుడిసెల దగ్గర జనం ఎండిన చెలమల చుట్టూ నిలబడి ఉన్నారు. ముసలమ్మను ఎత్తుకుని రాజు ఆమె చూపిన దిక్కుగా నడిచాడు. ఒక గుడిసె గుమ్మంలో చేపలవల అల్లుతున్న స్త్రీ తలెత్తి చూసి, వల జారవిడిచి, "ఓలమ్మో, మా అమ్మ!" అని కేక పెట్టి వచ్చి ముసలమ్మను కావలించుకుంది.

ఆ ఏడుపులూ నవ్వులూ కాస్త నిదానించాక, ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, గుమ్మం దగ్గరే నిలబడి ఉన్న ఈ ఆజానుబాహువును పరికించి చూసి, ఇంటికి వచ్చిన కొత్తవాళ్లను ఆ ప్రాంతంలో ఎవరైనా అడిగే మాటే అడిగింది.

"ఎవరి తాలూకు బాబూ మీరు?"

సప్తాంగ సమన్వితమైన రాజ్యానికి అధిపతి, బిరుదులు చదివితే పూట గడిచిపోయే మహారాజు, ఆ ప్రశ్నకు ఒక్క బిరుదైనా జ్ఞాపకం రాక, మసక కళ్లతో తనవైపే చూస్తున్న ముసలమ్మను చూపించి అన్నాడు.

"ఈ అమ్మ తాలూకు."

"సెయ్యి కారుతున్నాది బాబూ" అంది ఆమె. "గుమ్మమంతా తడిసిపోతన్నాది. దెబ్బ తగిలినాదేటి?"

రాజు కిందికి చూశాడు. అరచేతినుంచి నీరు ధారగా, గుమ్మం మీదుగా, ముసలమ్మ పాదాల మీదుగా ఇసుకలోకి జారిపోతున్నది. ఉసిరికాయంత బొట్టులో అంత నీరు ఎక్కడిదో! మొగలిపొదల మీద టప్పున ఒక చినుకు పడింది. తరువాత ఆకాశమంతా తెగి కురిసింది.

ఆ వర్షధారల నడుమ, సముద్రపు అలల మీద మకరవాహనుడై, శంఖధవళ దేహంతో, చేతిలో సడలిన పాశంతో, పశ్చిమ దిక్పాలకుడైన వరుణదేవుడు సాక్షాత్కరించాడు. జనం చేతులు జోడించారు. రాజు సాగిలపడ్డాడు.

"వత్సా రుచికేతూ! ఎవరూ పలికించకుండా నీవు మమ అన్నావు. నీ మాటకు నా జలం సాక్ష్యం పలికింది. వరం కోరుకో."

వరం కోరమంటే రాజు ప్రశ్న అడిగాడు. "జలాధిదేవా, ముందు ఇది చెప్పండి. అన్నం, గోవు, చదువు, వైద్యం, ఈ పాక, వీటిలో ఏది గొప్ప?"

వరుణుడి నవ్వు అలలలో గలగలమంది. "ఏ చేను మీద కురిస్తే గొప్ప అని నన్నడుగుతున్నావా? నాకు అన్ని చేలూ ఒకటే, నేను దేవుణ్ణి. నీవు మనిషివి, నీకు రెండే చేతులు. నీకు కళ్లు నిండిన చోట నీ చేతులు పెట్టు. మరొక చోట మరొకరి కళ్లు నిండుతాయి, వాళ్లను నమ్ము. ఇప్పుడు కోరుకో."

"నా రాజ్యంలో ఎవరూ తప్పిపోకుండా వరమియ్యండి స్వామీ."

"మనుషులు తప్పిపోతూనే ఉంటారు నాయనా, అది నా చేతిలో లేదు. వాళ్లను వెతికే నీ ప్రశ్నలు మాత్రం నా సముద్రంలా ఎన్నటికీ ఎండిపోకుండు గాక!" అని వరమిచ్చి ఆ దేవుడు వానలో వానగా అంతర్ధానమయ్యాడు.

పసుపెక్కిన నారు మళ్లీ పచ్చబడింది. రాజు రేవు దగ్గరి పాకను విశాలమైన శాలగా కట్టించి, కూర్మయ్యను దానికి పెద్దను చేసి, వీలు దొరికినప్పుడల్లా వచ్చి చాపమీద కూర్చునేవాడు. పట్టమహిషికి వైద్యశాలలో పసిబిడ్డల మూలుగు విన్నప్పుడు కళ్లు నిండాయి, ఆమె అక్కడ చేరింది. మంత్రి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు గాని ఆయనకు ఆవులంటే ప్రాణం. వేదగర్భుడు సంకల్పం చదవడం మానలేదు. అయితే "మమ అనండి" అనే చోటికి వచ్చాక ఆగి, "ఎవరికోసం నాయనా?" అని అడిగి, దాత నోటినుంచి ఒక మనిషి రూపమో ఒక ఇల్లో ఒక వాడో బయటికి వచ్చేదాకా పంచపాత్రలో ఉద్ధరిణి ముంచేవాడు కాదు.

తొందరలో ఉన్నవాళ్లు ఆ ప్రశ్న తప్పించుకుని పని కానిచ్చేవారు. మనసు పెట్టకుండా ముగించిన పనిని "మమ అనిపించేశారు" అని మనం ఈనాటికీ అనడం అక్కడినుంచే వచ్చిందని నాకు అనిపిస్తుంది, పండితులు వేరే ఏదైనా చెబితే నాకు అభ్యంతరం లేదు. రుచికేతుని ఈ వృత్తాంతాన్ని శ్రద్ధగా విన్నవారి దోసిట్లోకి వరుణదేవుడు నీరు వచ్చేలా చేయుగాక, ఆ నీరు ధారపోయబోయే వేళ వారి కళ్ల ముందు ఒక ముఖం నిలుపుగాక.